కణ ఉపరితలంపై గ్రాహకాల అమరికను చూడడం, సంకేతంలో దాని పాత్రను పరీక్షించడం ఎలా?

కణానికి బయటి నుంచి అందే సంకేతాన్ని వివరించేటప్పుడు పాఠ్యపుస్తకాలు సాధారణంగా బాణాల వరుసను గీస్తాయి. లైగాండ్ (గ్రాహకం పట్టుకునే అణువు) వచ్చి గ్రాహకానికి అతుక్కుంటుంది, గ్రాహకం ఒక కైనేజ్‌ను ప్రేరేపిస్తుంది, ఆ కైనేజ్ మరో ప్రోటీనుకు ఫాస్ఫేటును చేరుస్తుంది, చివరకు కేంద్రకంలో జన్యువులు స్పందిస్తాయి. ఆ వరుస తప్పు కాదు గాని అందులో స్థలానికి చోటు లేదు. నిజమైన కణత్వచం మీద అవే అణువులు విడివిడిగా తిరుగుతున్నాయా, జంటలు కట్టాయా, వందల సంఖ్యలో ఒకచోట చేరాయా, వాటిని ఆపవలసిన ఫాస్ఫటేజ్ అక్కడే ఉందా పక్కకు జరిగిందా అన్నదాన్ని బట్టి, ఒకే లైగాండ్‌కు కణం ఇచ్చే జవాబు మారుతుంది. ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ గ్రాహకం జంట కట్టినప్పుడే దాని కైనేజ్ భాగం చురుకవుతుంది. ఈ. కోలై బాక్టీరియాలో రసాయన గ్రాహకాలు సుమారు 12 నానోమీటర్ల ఎడంతో షట్కోణ జాలకంగా పేరుకుంటాయి. ఒక గ్రాహకం స్థితి మారితే దాని ప్రభావం పొరుగు గ్రాహకాల మీద కూడా పడుతుంది కాబట్టి, గాఢతలో కలిగే అతి స్వల్పమైన మార్పును కూడా ఆ బాక్టీరియా పసిగట్టగలుగుతుంది.

ఈ రంగంలో మొదటిసారి ప్రయోగం చేయబోతున్న పరిశోధక విద్యార్థుల కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఉదాహరణగా రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాన్ని తీసుకున్నాను, ఎందుకంటే దాని గ్రాహకాల అమరికను గాజు మీద పరచిన కృత్రిమ త్వచం సాయంతో చదునుగా, స్పష్టంగా చూడవచ్చు. పద్ధతి మాత్రం ఇతర గ్రాహకాలకూ వర్తిస్తుంది. ఒక విషయాన్ని మాత్రం మొదటి నుంచి చివరి వరకు పట్టుకుని ఉండాలి: గ్రాహకాలు గుచ్ఛంగా చేరినట్టు కనిపించడం వేరు, ఆ గుచ్ఛమే సంకేతాన్ని నడుపుతోందని తేలడం వేరు. అణువులను మార్చకుండా వాటి అమరికను మాత్రమే మార్చి, సంకేతం మారిందో లేదో చూసినప్పుడే రెండో మాట అనే హక్కు వస్తుంది.

ముందుగా ప్రశ్నను రాసుకోవడం

సూక్ష్మదర్శిని దగ్గరకు వెళ్లే ముందు, అమరిక సంకేతాన్ని ఏ విధంగా ప్రభావితం చేస్తుందని అనుకుంటున్నారో కాగితం మీద పెట్టండి. టీ కణం విషయంలో కనీసం మూడు వేర్వేరు వివరణలు ఉన్నాయి, వాటిలో ప్రతిదీ వేర్వేరు కొలతను కోరుతుంది.

మొదటిది పరిమాణానికి సంబంధించినది. టీ కణ గ్రాహకానికి సొంత కైనేజ్ లేదు. దాని లోపలి తోకల మీద ఉన్న టైరోసిన్లకు ఎల్‌సీకే అనే కైనేజ్ ఫాస్ఫేటును చేరిస్తే, ఆ చోటికి జాప్-70 అనే మరో కైనేజ్ వచ్చి అతుక్కుంటుంది. సీడీ45 అనే ఫాస్ఫటేజ్ ఆ ఫాస్ఫేట్లను ఎప్పటికప్పుడు తీసివేస్తూ ఉంటుంది. గ్రాహకం, ఎదుటి కణం మీద ప్రతిజనక పెప్టైడును మోసే ఎంహెచ్‌సీ అణువు కలుసుకున్నప్పుడు రెండు త్వచాల మధ్య దూరం సుమారు 15 నానోమీటర్లే ఉంటుంది. సీడీ45 బయటి భాగం అంతకంటే పొడవైనది కాబట్టి ఆ ఇరుకులో ఇమడలేక పక్కకు తొలగుతుంది. ఫాస్ఫేట్లను తీసే అణువు లేని చోట కైనేజ్ పని నిలబడుతుంది. 1996లో సైమన్ డేవిస్, ఆంటన్ వాన్ డర్ మెర్వే ప్రతిపాదించిన ఈ భావన నిజమైతే, గ్రాహకం ఉన్న చోట సీడీ45 తగ్గిపోయి కనిపించాలి, త్వచాల మధ్య దూరాన్ని కృత్రిమంగా పెంచితే సంకేతం పడిపోవాలి.

రెండోది కాలానికి సంబంధించినది. లైగాండ్ ఎంతసేపు అతుక్కుని ఉందన్న దాన్ని బట్టి కణం దాన్ని తనదా పరాయిదా అని తేల్చుకుంటుందని 1995లో మెక్‌కీథన్ వివరించాడు. ఈ వివరణలో గుచ్ఛం పాత్ర ఏమిటంటే, విడిపోయిన లైగాండ్ దూరంగా కొట్టుకుపోకుండా మళ్లీ పొరుగు గ్రాహకానికే దొరికేలా చేయడం. ఇక్కడ కొలవవలసింది దూరం కాదు, బంధం నిలిచే సమయం. మూడోది లోపలి వైపు జరిగే కూడిక: లాట్ అనే ప్రోటీను మీద ఫాస్ఫేటు చేరిన టైరోసిన్లకు గ్రబ్2 అనే ప్రోటీను, దానికి సాస్ అనే ప్రోటీను అతుక్కుని, ఒకటి మరొకదాన్ని పట్టుకుంటూ త్వచం మీద ఒక సాంద్రమైన ప్రాంతంగా ఏర్పడతాయి. దీన్ని శుద్ధి చేసిన ప్రోటీన్లతోనే 2016లో పునఃసృష్టించి చూపారు. సాస్ ఆ సాంద్ర ప్రాంతంలో చిక్కుకుని ఎక్కువసేపు నిలిస్తేనే సంకేతాన్ని ముందుకు నడిపే రాస్ ప్రోటీనును చైతన్యపరచగలదని తర్వాతి ప్రయోగాలు సూచించాయి.

ఈ మూడూ ఒకదానికొకటి విరుద్ధం కావు. కాని మీ ప్రయోగం వాటిలో దేన్ని పరీక్షిస్తోందో ముందే రాసుకోకపోతే, చివర్లో ఏ చిత్రం వచ్చినా ఏదో ఒక వివరణకు సరిపోయినట్టే అనిపిస్తుంది.

గాజు మీద త్వచాన్ని పరచడం

టీ కణం ఎదుర్కొనే రెండో కణానికి బదులుగా, గాజు కవర్‌స్లిప్ మీద లిపిడ్ ద్విపొరను పరచి, దానికి ఎంహెచ్‌సీని, అతుక్కోవడానికి కావలసిన ఐక్యామ్-1ను తగిలిస్తారు. ఈ అణువులు పొరలో పక్కలకు స్వేచ్ఛగా కదులుతాయి, అంటే టీ కణం వాటిని తనకు కావలసినట్టు అమర్చుకోగలదు. ప్రోటీన్లను గాజుకు నేరుగా అంటించిన ప్రయోగాల్లో ఈ స్వేచ్ఛ ఉండదు.

డీఓపీసీ లేదా పీఓపీసీ ప్రధాన లిపిడ్‌గా సరిపోతుంది. రెండూ గది ఉష్ణోగ్రత దగ్గర ద్రవ స్థితిలోనే ఉంటాయి. హిస్టిడిన్ తోక ఉన్న ప్రోటీన్లను పట్టడానికి నికెల్ తల ఉన్న లిపిడ్‌ను కొద్ది శాతం కలపండి. ఎక్కువ కలిపితే ఎక్కువ ప్రోటీను వస్తుందన్న ఆశతో ఆ శాతాన్ని పెంచవద్దు, ఎందుకంటే నికెల్ లిపిడ్ మితిమీరితే పొర చలనం మందగిస్తుంది. క్లోరోఫాంలో కలిపిన లిపిడ్లను నైట్రోజన్ ధారతో ఆరబెట్టి, శూన్యంలో ఉంచి మిగిలిన ద్రావణిని తొలగించి, బఫర్‌లో నానబెట్టి, 100 నానోమీటర్ల రంధ్రాలున్న వడపోత పొర గుండా పలుమార్లు నెట్టండి. మొదట పాలలా ఉన్న ద్రవం క్రమంగా పలచబడి దాదాపు పారదర్శకమైతే చిన్న బుడగలు తయారైనట్టు.

గాజును శుభ్రపరచడంలోనే చాలా పొరలు చెడిపోతాయి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ల మిశ్రమం బాగా పని చేస్తుంది గాని, అది అసిటోన్ వంటి కర్బన ద్రావణులతో కలిస్తే పేలుతుంది. దాన్ని ఫ్యూమ్ హుడ్‌లోనే వాడాలి, మూత బిగించిన సీసాలో ఎప్పుడూ నిల్వ ఉంచకూడదు, అనుభవం ఉన్నవారు పక్కన లేకుండా మొదటిసారి తయారు చేయకూడదు. శుభ్రమైన గాజు మీద నీరు చుక్కలుగా నిలవదు, పలచగా పరచుకుంటుంది. ఆ ఒక్క గుర్తును బట్టి ముందుకు వెళ్లవచ్చా లేదా అన్నది తేల్చుకోవచ్చు.

బుడగల ద్రవాన్ని గాజు మీద పోసిన కొద్ది నిమిషాల్లో అవి పగిలి ఒకదానితో ఒకటి కలిసి పొరగా పరచుకుంటాయి. ఆ క్షణం నుంచి ప్రయోగం ముగిసే వరకు ఆ పొరకు గాలి తగలకూడదు. కడిగేటప్పుడు ద్రవాన్ని పూర్తిగా తీయకుండా, సగం తీసి సగం పోస్తూ కడగాలి; పొర మీదుగా గాలి అంచు ఒక్కసారి దాటినా లిపిడ్ లేచిపోయి అక్కడ ఉత్త గాజు మిగులుతుంది, ఆ గాజుకు ప్రోటీన్లు అంటుకుని గుచ్ఛాలను పోలిన మచ్చలు ఏర్పడతాయి. తర్వాత కేసీన్ వంటి ప్రోటీనుతో ఖాళీలను కప్పి, హిస్టిడిన్ తోకల ప్రోటీన్లను చేర్చండి. ఈ దశల్లో ఈడీటీఏ ఉన్న బఫర్ వాడితే అది నికెల్‌ను లాగేసుకుని ప్రోటీన్లను ఊడదీస్తుంది.

లైగాండ్ సాంద్రతను ఊహతో కాక కొలతతో చెప్పాలి. ద్విపొరలో ఒక్కో లిపిడ్ సుమారు 0.7 చదరపు నానోమీటర్ల చోటు తీసుకుంటుంది, కాబట్టి ఒక వైపున చదరపు మైక్రోమీటరుకు దాదాపు 14 లక్షల లిపిడ్లు ఉంటాయి. తెలిసిన నిష్పత్తిలో ప్రతిదీప్త లిపిడ్ కలిపిన పొరల కాంతితో మీ పొర కాంతిని పోల్చి, రెండు రంజకాల ప్రకాశంలో ఉన్న తేడాను సవరించుకుంటే, చదరపు మైక్రోమీటరుకు ఎన్ని ప్రోటీన్లు ఉన్నాయో లెక్క కట్టవచ్చు. అవసరమైన సంఖ్య ప్రశ్నను బట్టి మారుతుంది. టీ కణం చాలా తక్కువ లైగాండ్లకు కూడా స్పందించగలదు. పది ఎంహెచ్‌సీలకు అటూ ఇటూగా ఉన్నప్పుడే బలమైన కాల్షియం స్పందన (సంకేతం అందిందనడానికి గుర్తుగా కణం లోపల కాల్షియం పెరగడం) వచ్చినట్టు 2002లోనే చూపారు. అందువల్ల వందల సాంద్రత దగ్గర చూసిన అమరిక సహజ పరిస్థితికి అద్దం పడుతుందని అనుకోనవసరం లేదు.

పొర నిజంగా ప్రవహిస్తోందా?

కణాలను వేసే ముందు ప్రతి పొరనూ పరీక్షించాలి. వారానికొకసారి చూస్తే చాలదు. 1976లో ఆక్సెల్‌రాడ్, వెబ్ తదితరులు విశ్లేషణను రూపొందించిన పద్ధతి ఇందుకు చాలు: ఒక వృత్తాకార ప్రాంతంలోని రంజకాన్ని బలమైన లేజర్‌తో ఆర్పివేసి, చుట్టుపక్కల నుంచి వెలుగుతున్న అణువులు వచ్చి ఆ చీకటిని ఎంత వేగంగా నింపుతాయో చూస్తారు. వృత్త వ్యాసార్ధం వర్గాన్ని, కాంతి సగానికి కోలుకున్న సమయంతో భాగించి 0.224తో హెచ్చిస్తే విసరణ గుణకం, అంటే అణువులు పొరలో ఎంత వేగంగా వ్యాపిస్తాయో చెప్పే విలువ, వస్తుంది. వ్యాసార్ధం 5 మైక్రోమీటర్లు, సగం కోలుకోవడానికి 5 సెకన్లు పట్టిందనుకుంటే విలువ సెకనుకు 1.12 చదరపు మైక్రోమీటర్లు; ఇది మంచి ద్విపొరకు తగిన విలువ.

విసరణ గుణకం కంటే జాగ్రత్తగా చూడవలసింది, చివరకు ఎంత శాతం కోలుకుందన్నది. ఆర్పిన వృత్తం బూడిద రంగులో మిగిలిపోతే అందులో కొంత భాగం గాజుకు అంటుకుపోయిందని అర్థం. ఈ పరీక్షను లిపిడ్‌తో చేసి ఊరుకోకూడదు; లైగాండ్ ప్రోటీనుతో కూడా చేయాలి. లిపిడ్ హాయిగా కదులుతూ ఉండగా ప్రోటీను మాత్రం గుంపులుగా గడ్డకట్టి నిశ్చలంగా ఉండడం తరచుగా జరుగుతుంది. అలాంటి పొర మీద టీ కణాన్ని వేస్తే కనిపించే గుచ్ఛాలు కణం కట్టినవి కావు, మీరు ముందే పెట్టినవి.

గుర్తు వేసే అణువును శంకించడం

ఈ రంగంలో అపోహలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే అని నా నమ్మకం. గ్రాహకాన్ని కనిపించేలా చేయడానికి వాడే పరికరమే గ్రాహకాలను దగ్గరకు చేర్చవచ్చు. మామూలు యాంటీబాడీకి రెండు చేతులుంటాయి, అంటే అది రెండు గ్రాహకాలను ఒకేసారి పట్టి జత చేస్తుంది. దానిపై రెండో యాంటీబాడీ వేస్తే ఆ జతలు గుచ్ఛాలవుతాయి. కొన్ని యాంటీబాడీలు ఈ కారణంగానే లైగాండ్ లేకుండానే టీ కణాన్ని ఉత్తేజపరుస్తాయి. కాబట్టి ఒకే చేయి ఉన్న ఫాబ్ ముక్కను, దానికి ఒకే రంజక అణువును తగిలించి వాడండి. గ్రాహకానికి ప్రతిదీప్త ప్రోటీనును జన్యుపరంగా జోడిస్తే, ఆ ప్రోటీను ఒంటరిగా ఉండే రూపమేనా అని చూడండి. ఎక్కువగా వాడే ఆకుపచ్చ ప్రతిదీప్త ప్రోటీను జీఎఫ్‌పీకి జతకట్టే బలహీనమైన స్వభావం ఉంది. ద్రావణంలో దాన్ని పట్టించుకోనవసరం లేకపోయినా, త్వచం మీద అణువులు చదునుగా, ఒత్తుగా ఉన్నప్పుడు అది లెక్కలోకి వస్తుంది. 206వ స్థానంలోని అలనిన్‌ను లైసిన్‌గా మార్చిన రూపంలో ఆ స్వభావం పోతుంది. గ్రాహకాన్ని అధికంగా ఉత్పత్తి చేయించడం కూడా అంతే ప్రమాదకరం, వీలైనంత వరకు సహజ స్థాయిలోనే ఉంచాలి.

స్థిరీకరణ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. పారాఫార్మాల్డిహైడ్ వేయగానే అన్నీ ఉన్నచోటనే ఆగిపోతాయని చాలామంది అనుకుంటారు. త్వచంలోని అనేక అణువులు ఆ తర్వాత కూడా కదులుతూనే ఉంటాయని కుసుమీ బృందం 2010లో ఒక్కొక్క అణువును వెంబడించి చూపింది. కదిలే అణువులకు ఆ తర్వాత రెండు చేతుల యాంటీబాడీని వేస్తే, స్థిరీకరించిన కణంలోనే కొత్త గుచ్ఛాలు పుడతాయి. కొద్ది శాతం గ్లూటరాల్డిహైడ్ కలిపితే చలనం బాగా తగ్గుతుంది, కాని కొన్ని యాంటీబాడీలు పట్టే చోట్లు చెడిపోతాయి, వెనుక వెలుతురు పెరుగుతుంది. సజీవ కణంలో చూడగలిగినప్పుడు సజీవంగానే చూడడం మేలు.

సూక్ష్మదర్శిని దగ్గర

సంపూర్ణాంతర పరావర్తన విధానంలో లేజర్ గాజు నుంచి పక్కకు మళ్లిపోయి, గాజుకు అవతల 100 నుంచి 200 నానోమీటర్ల లోతు వరకు మాత్రమే పలచని కాంతి క్షేత్రాన్ని మిగులుస్తుంది. కణం లోపలి రంజకాలు వెలగవు కాబట్టి త్వచం విడిగా కనిపిస్తుంది. గాజు వక్రీభవన గుణకం 1.515, నీటిది 1.33 అయితే సందిగ్ధ కోణం (కాంతి పూర్తిగా వెనక్కి మళ్లడం మొదలయ్యే కోణం) సుమారు 61 డిగ్రీలు. కాని కణద్రవ్యపు గుణకం నీటి కంటే ఎక్కువ, అది 1.38 అనుకుంటే సందిగ్ధ కోణం 66 డిగ్రీలకు దగ్గరవుతుంది. కేవలం నీటిలో తేలే పూసలతో కోణం సరిచూసుకుని 62 డిగ్రీల దగ్గర ఆగితే, కణం కింద మాత్రం కాంతి లోపలికి దూసుకుపోతుంది. కోణాన్ని కణం మీదనే సరిచూసుకోండి.

కణాలను వేసే ముందు గదిని, లెన్సును, ద్రవాన్ని 37 డిగ్రీలకు తెచ్చి స్థిరపడనివ్వండి. లెన్సు చల్లగా ఉంటే నూనె ద్వారా వేడి దానిలోకి పోయి, మీరు చూస్తున్న చోట మాత్రమే ఉష్ణోగ్రత పడిపోతుంది. కణం దిగిన క్షణం నుంచి చిత్రాలు తీయడం మొదలుపెట్టండి. మొదట కొన్ని చిన్న స్పర్శలు కనిపిస్తాయి, సెకన్లలో వాటి అంచుల దగ్గర గ్రాహకాల సూక్ష్మ గుచ్ఛాలు మెరుస్తాయి, కణం పరచుకునే కొద్దీ కొత్తవి వెలుపలి అంచులో పుడుతూ, కణానికి ఆకారమిచ్చే ఆక్టిన్ తంతువుల ప్రవాహంతో పాటు కేంద్రం వైపు జారుతాయి. కొద్ది నిమిషాల్లో మధ్యలో గ్రాహకాలు, చుట్టూ ఐక్యామ్-1ను పట్టుకునే ఎల్‌ఎఫ్‌ఏ-1 వలయం ఏర్పడి, 1998లో కుప్‌ఫెర్ బృందం రెండు కణాల మధ్య, 1999లో డస్టిన్ తదితరులు కృత్రిమ పొర మీద చూపిన రోగనిరోధక సినాప్స్ రూపం వస్తుంది. ఆ ప్రకాశవంతమైన కేంద్రమే సంకేతానికి నిలయమని చూడగానే అనిపిస్తుంది. నిజానికి ఫాస్ఫేటు చేరిన అణువులు అంచులోని సూక్ష్మ గుచ్ఛాల్లోనే ఎక్కువ; కేంద్రం చాలా వరకు గ్రాహకాలను పని ముగించి లోపలికి తీసుకునే చోటు.

ప్రతి చిత్రంతో పాటు త్వచానికి మాత్రమే రంగు వేసే రంజకం చిత్రాన్ని, త్వచం గాజుకు ఎంత దగ్గరగా ఉందో చూపే పరావర్తన వ్యతికరణ చిత్రాన్ని కూడా తీసి ఉంచండి. టీ కణపు త్వచం ముడతలు, వేళ్లవంటి పొడుచుకుల మయం. ఒక పొడుచుకు గాజును తాకితే అక్కడ త్వచం గాజుకు దగ్గరగా వస్తుంది, గ్రాహకాలు సమంగా పరచుకుని ఉన్నా ఆ చోటు మెరుస్తుంది. గ్రాహకం కాంతిని త్వచం కాంతితో భాగించిన తర్వాత కూడా మిగిలే మెరుపునే గుచ్ఛంగా లెక్కించాలి.

గుచ్ఛమా, యాదృచ్ఛికమా?

యాదృచ్ఛికంగా చల్లిన అణువులు కూడా గుంపులుగా కనిపిస్తాయి, ఎంతగా కనిపిస్తాయో లెక్క వేసి చూడండి. చదరపు మైక్రోమీటరుకు 100 గ్రాహకాలున్నాయనుకుందాం. కాంతి సూక్ష్మదర్శిని విడదీయగలిగే అతి చిన్న మచ్చ వ్యాసం సుమారు 0.25 మైక్రోమీటర్లు, అంటే వైశాల్యం దాదాపు 0.05 చదరపు మైక్రోమీటర్లు, అందులో సగటున 5 అణువులు. పాయిజాన్ విభజన ప్రకారం అలాంటి ప్రతి వంద మచ్చల్లో దాదాపు మూడింటిలో 10 లేదా అంతకు మించిన అణువులు కేవలం యాదృచ్ఛికంగా చేరతాయి. పది మైక్రోమీటర్ల వ్యాసమున్న సంపర్క ప్రాంతంలో అలాంటి మచ్చలు సుమారు 1,600 ఇముడుతాయి. అంటే అణువుల మధ్య ఏ ఆకర్షణా లేకపోయినా, సగటుకు రెట్టింపు ప్రకాశమున్న చుక్కలు యాభై దాకా కనిపిస్తాయి. అందుకే మీ కణం ఆకారంలోనే, అదే సాంద్రతతో, అదే కెమెరా శబ్దంతో యాదృచ్ఛిక చిత్రాలను కంప్యూటర్‌లో తయారు చేసి, అదే విశ్లేషణను వాటి మీద కూడా నడిపి, నిజమైన చిత్రం వాటికంటే ఎంత భిన్నంగా ఉందో చెప్పాలి.

సూపర్ రిజల్యూషన్ పద్ధతులు 20 నానోమీటర్ల వరకు విడదీస్తాయి గాని, ఈ సమస్య పోవడానికి బదులు మరో రూపం తీసుకుంటుంది. పామ్, స్టార్మ్ విధానాల్లో ఒకే రంజక అణువు పలుమార్లు ఆరి వెలుగుతుంది, ప్రతిసారీ కొద్ది నానోమీటర్ల తేడాతో కొత్త బిందువుగా నమోదవుతుంది. ఫలితంగా ఒక్క గ్రాహకమే ఒక చిన్న గుచ్ఛంలా కనిపిస్తుంది. విశ్రాంతిలో ఉన్న టీ కణంలో గ్రాహకాలు ముందే గుచ్ఛాలుగా ఉంటాయా లేదా అన్న వివాదం చాలా కాలం సాగడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఆరి వెలగడాన్ని కట్టుదిట్టంగా లెక్కలోకి తీసుకున్న 2018 నాటి అధ్యయనం యాదృచ్ఛిక విస్తరణనే చూపింది. మీ రంజకాన్ని పలచగా గాజుకు అంటించి, ఒక్కో అణువు ఎన్నిసార్లు మెరుస్తుందో ముందు కొలవండి. బిందువులు ఎంతగా గుమిగూడాయో కొలిచే రిప్లీ ప్రమేయం గాని, సాంద్రత ఆధారిత గుంపుల విశ్లేషణ గాని ఆ తర్వాతే. రెండు అణువులు నిజంగా తాకుతున్నాయా అన్నది తెలియాలంటే ఒక రంజకం నుంచి పక్క రంజకానికి శక్తి చేరడాన్ని కొలిచే, పది నానోమీటర్ల లోపు దూరాలకే పని చేసే ఫ్రెట్ తగిన సాధనం.

ఒక్కొక్క అణువును వెంబడించడం స్థిర చిత్రం చెప్పలేని విషయాన్ని చెబుతుంది. సెకనుకు 0.05 చదరపు మైక్రోమీటర్ల విసరణ గుణకం ఉన్న గ్రాహకానికి ఒక మైక్రోమీటరు దూరం పోవడానికి సగటున 5 సెకన్లు పడుతుంది. గుచ్ఛంలోకి వచ్చిన గ్రాహకం ఎంతసేపు ఆగుతోంది, మళ్లీ బయటికి వస్తోందా అన్నది తెలిస్తే, అది గట్టిగా బిగిసిన గడ్డనా, అణువులు వచ్చిపోయే ప్రాంతమా అన్నది తేలుతుంది. సంకేతం ఆగడానికి రెండోది చాలా అనుకూలం.

అమరికను మాత్రమే మార్చడం

ఇప్పటి వరకు చేసినదంతా పరిశీలన. ఇక్కడి నుంచే అసలు పరీక్ష మొదలవుతుంది, దీనికోసమే సగం సమయాన్ని కేటాయించుకోవడం మంచిది.

నాకు తెలిసినంతలో ఈ పరీక్షకు అత్యంత చక్కని నమూనా 2005లో మాస్‌మన్, గ్రోవ్స్, డస్టిన్ తదితరులు చేసిన ప్రయోగం. పొర పరచడానికి ముందే గాజు మీద సన్నని క్రోమియం గీతలు వేశారు. లిపిడ్లు, వాటికి తగిలించిన లైగాండ్లు ఆ గీతలను దాటలేవు. టీ కణం ఎప్పటిలాగే గ్రాహకాలను కేంద్రం వైపు లాగుతుంది, కాని గ్రాహకాన్ని పట్టుకున్న లైగాండ్ గీత దగ్గర ఆగిపోవడంతో గుచ్ఛం అక్కడే చిక్కుకుంటుంది. అణువులు అవే, సాంద్రత అదే, మందు ఏదీ వేయలేదు. మారింది స్థానం ఒక్కటే. అంచులో నిలిపివేసిన గుచ్ఛాలు ఎక్కువసేపు సంకేతమిచ్చాయి. కేంద్రానికి చేరడం సంకేతాన్ని ముగిస్తుందన్న మాటకు బలం వచ్చింది ఆ ప్రయోగం వల్లనే. గీతలున్న పొర, గీతలు లేని పొర ఒకే కవర్‌స్లిప్ మీద పక్కపక్కన ఉండేలా చేసుకుంటే పోలిక మరింత నమ్మదగినదవుతుంది. రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఎఫ్‌ఏ2 గ్రాహకం మీద కూడా ఇదే ఉపాయాన్ని 2010లో ప్రయోగించారు, గ్రాహకాల కదలికను అడ్డుకుంటే కణం స్పందన మారింది.

ఇలాంటి గీతలు వేసే లితోగ్రఫీ సౌకర్యం లేనివారికి వేరే దారులున్నాయి. పరిమాణ వివరణను పరీక్షించదలిస్తే ఎంహెచ్‌సీ కాండాన్ని అదనపు భాగాలతో పొడిగించండి. బంధం బలం మారకుండానే త్వచాల మధ్య దూరం పెరుగుతుంది, సీడీ45 మళ్లీ లోపలికి వస్తుంది, సంకేతం తగ్గుతుంది. లాట్ కూడికను పరీక్షించదలిస్తే గ్రబ్2 పట్టే టైరోసిన్లను ఒక్కొక్కటిగా ఫినైల్ అలనిన్‌గా మార్చండి. కాల నియంత్రణ కావాలంటే, కాంతి పడగానే గుమిగూడే సీఆర్‌వై2 వంటి ప్రోటీనును గ్రాహకపు లోపలి భాగానికి జోడించవచ్చు.

మందులతో మాత్రం జాగ్రత్త. లాట్రన్‌కులిన్ ఆక్టిన్‌ను కరిగించగానే కొత్త గుచ్ఛాలు పుట్టడం ఆగుతుంది, కాల్షియం కూడా పడిపోతుంది. దాన్ని బట్టి గుచ్ఛాలే కాల్షియాన్ని నడిపాయని రాయడానికి వీల్లేదు, ఎందుకంటే కణం పరచుకోవడం, అంటిపెట్టుకోవడం, ముడతలు అన్నీ ఆక్టిన్ మీదే ఆధారపడి ఉన్నాయి. మిథైల్ బీటా సైక్లోడెక్స్‌ట్రిన్‌తో కొలెస్టరాల్‌ను తీసివేసి లిపిడ్ రాఫ్టుల (త్వచంలో కొలెస్టరాల్ ఎక్కువగా ఉండే చిన్న ప్రాంతాల) గురించి నిర్ధారణలు చేయడం ఇంతకంటే బలహీనమైన పద్ధతి. ఇలాంటి ఫలితాలను ముఖ్య సాక్ష్యంగా కాక, తోడు సాక్ష్యంగా మాత్రమే ఉంచాలి.

సంకేతాన్ని అదే కణంలో కొలవడం

అమరిక ఒక కణంలో, సంకేతం వేరే పళ్లెంలోని లక్ష కణాల సగటులో కొలిస్తే రెండింటినీ కలపలేరు. ఎర్క్ అనే కైనేజ్ వంటి కొన్ని మలుపుల దగ్గర టీ కణం పూర్తిగా స్పందిస్తుంది, లేదా అసలు స్పందించదు. సగం కణాలు పూర్తిగా స్పందించడం, అన్ని కణాలు సగం స్పందించడం సగటులో ఒకేలా కనిపిస్తాయి. అందువల్ల గ్రాహకాన్ని చూస్తున్న కణంలోనే కాల్షియం సూచికను కూడా నింపి, రెండు రంగుల్లో ఒకేసారి చిత్రించండి. ఫ్లూవో-4 వంటి ఒకే రంగు సూచిక ఎంత నిండిందన్న దాన్ని బట్టి ప్రకాశం మారుతుంది కాబట్టి, ప్రతి కణాన్నీ దాని తొలి విలువతోనే పోల్చాలి. ఫ్యూరా-2 వంటి నిష్పత్తి సూచికలో ఈ ఇబ్బంది ఉండదు. కణం పొరను తాకిన క్షణం, మొదటి గుచ్ఛం కనిపించిన క్షణం, కాల్షియం లేచిన క్షణం, ఈ మూడు సమయాలనూ ప్రతి కణానికీ విడిగా నమోదు చేయండి. కాల్షియం ముందు లేచి గుచ్ఛం తర్వాత కనిపించిన కణాలు చాలా ఉంటే, మీ సూక్ష్మదర్శినికి అందనంత చిన్న గుచ్ఛాలైనా ఉండాలి, లేదా ఆ తొలి సంకేతానికి గుచ్ఛం అవసరమే లేకపోవాలి. లైగాండ్ సాంద్రతను తగ్గిస్తూ పోతే ఈ రెండింటిలో ఏది నిజమో క్రమంగా తేలుతుంది.

ఐక్యామ్-1 మాత్రమే ఉన్న పొర, సంబంధం లేని పెప్టైడు మోసే ఎంహెచ్‌సీ పొర, కైనేజ్‌ను ఆపే పీపీ2 చేర్చిన కణాలు: ఈ మూడు నియంత్రణ ప్రయోగాలు ప్రతి రోజూ ఉండాలి, మొదటి రోజు మాత్రమే కాదు. విశ్లేషణ చేసేవారికి ఏ కణం ఏ పొర మీదిదో తెలియకుండా ఫైళ్ల పేర్లు మార్చి ఇవ్వండి. ఫలితాలు రాసేటప్పుడు లైగాండ్ సాంద్రత, పొర విసరణ గుణకం, కోలుకున్న శాతం, ఉష్ణోగ్రత, గుర్తు అణువు రూపం, యాదృచ్ఛిక నమూనాతో పోలిక తప్పక ఇవ్వండి. అమరిక మారినా సంకేతం మారకపోతే ఆ ఫలితాన్నీ అంతే వివరంగా, అవే పటాలతో రాయండి. గుచ్ఛాన్ని చూసి సంకేతాన్ని ఊహించే మరొకరికి అది ఎంతో విలువైన సమాచారం.